గుయ్యిమంటే కండెన్సర్, గరగరమంటే బేరింగ్

సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి రోజు మన క్లబ్ మీటింగ్‌లో నేను నాలుగు నిమిషాలు మాట్లాడాను. అమ్మ భాష, దాని తియ్యదనం, మనం దాన్ని ఎట్లా మర్చిపోతున్నాం, అన్నీ మామూలు మాటలే. బాగానే చప్పట్లు కొట్టారు. అప్పటికి రెండు వారాల ముందే మా అమ్మ నన్ను ఒక ప్రశ్న అడిగింది. "గంత చిన్న డబ్బా మారిస్తె గంత పెద్ద మోటర్ ఎట్ల తిరిగిందే?" నేను సీఎస్‌ఈ సెకండ్ ఇయర్. ఫస్ట్ ఇయర్ బేసిక్ ఎలక్ట్రికల్ పరీక్షలో సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటర్ మీద రెండు పేజీలు రాసి, బొమ్మ కూడా వేసి మార్కులు తెచ్చుకున్నా. అమ్మకి మాత్రం "అదంతేనమ్మా, కరెంట్ దాచిపెడ్తది" అని చెప్పి తప్పించుకున్నా. ఆ జవాబు సగం కూడా కరెక్ట్ కాదు. తియ్యటి భాషలో నాకు ఒక్క మోటర్ గురించి చెప్పడం రాలేదు.

అసలు జరిగింది చెప్తాను. మాది బోయినపల్లి. ఇంట్లో సెమీ ఆటోమేటిక్ మెషీన్ ఉంది, ఏడేళ్ళది. మా దగ్గర డ్రయ్యర్ అంటే దానికి కుడిపక్కన ఉండే చిన్న టబ్బు. సినిమాల్లో అమెరికా ఇళ్ళల్లో కనిపించే వేడిగాలి పెట్టె కాదు. మన డ్రయ్యర్ వేడి చెయ్యదు, గిరగిరా తిప్పి నీళ్ళు పిండేస్తుంది, అంతే. ఆ పిండుడే మా ఇంట్లో పెద్ద విషయం. అమ్మ బీడీలు చేస్తుంది. బీడీ చేసేవాళ్ళకి వేళ్ళూ మణికట్టూ బాగుంటేనే రోజు గడుస్తుంది. తడిసిన జీన్స్ ప్యాంటు, రెండు దుప్పట్లు చేత్తో పిండిన రోజు ఆకు చుట్టేటప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కుతాయని అమ్మ అంటుంది. కాబట్టి డ్రయ్యర్ ఆగితే మాకు బట్టలు ఆరకపోవడం ఒక్కటే కాదు, బీడీల లెక్క కూడా తగ్గుతుంది.

ఆగస్టులో, ముసురు పట్టిన రోజుల్లో, అది తిరగడం మానేసింది. ఉతికే పక్క బాగానే ఉంది. ఈ పక్క టైమర్ తిప్పితే గుయ్యిమని సప్పుడు, టబ్బు కదలదు. కంపెనీ సర్వీస్‌కి ఫోన్ చేస్తే ఒకాయన వచ్చాడు. మూత తీసి టబ్బును చేత్తో అటూ ఇటూ కదిపాడు, ఒకసారి ఆన్ చేసి విన్నాడు. ఐదు నిమిషాలు. నేను ఇంజినీరింగ్ అని తెలిసి నా వైపే తిరిగి "మేడం, మోటర్ బర్న్ అయింది. ఈ మోడల్‌ది ఇప్పుడు దొరకదు, ఎక్స్‌చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను "ఓకే" అన్నాను. ఎందుకు ఓకే అన్నానో ఇప్పటికీ సిగ్గే. ఇంగ్లిష్ మాట వినపడగానే అర్థమైనట్టు తల ఊపడం స్కూల్ నుంచీ అలవాటు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "కాలితె వాసన రావాలె గద? మన బాయి మోటర్ కాలినప్పుడు వాడకట్టంత వాసన" అంది. "నీకు తెల్వదమ్మా, ఆగు" అన్నాను నేను. ఆ మాట నేనే అన్నాను కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నా.

మస్కట్‌లో ఉన్న బాపుకి ఫోన్ చేస్తే "కొనుర్రి మరి, ఏం జేస్తం" అన్నాడు. కొత్త మెషీన్ అంటే ఆయన నెల జీతంలో ఎంత పోతుందో నాకు తెలుసు. ఆ పదిరోజులు అమ్మ చేత్తోనే పిండింది. పిండుతూ పిండుతూ ఒకరోజు సిరిసిల్లలో ఉండే మా మామకి ఫోన్ చేసింది. మామ అమ్మకి తమ్ముడు, సాంచాల మోటర్లకి వైండింగ్ చేస్తాడు. సిరిసిల్లలో సాంచాలు ఎన్ని వేలున్నాయో అందరికీ తెలిసిందే. అవి ఉన్నచోట వైండింగ్ షాపులు ఉండక తప్పదు. మామ పదో తరగతి ఫెయిల్.

ఫోన్‌లో మామ అడిగినవి నాలుగే ప్రశ్నలు. సప్పుడు వస్తుందా, ఏం సప్పుడు? ఇంట్లో బల్బులు ఎప్పటి లెక్కనే వెలుగుతున్నాయా? కాలిన వాసన వచ్చిందా? చేత్తో తిప్పితే టబ్బు తిరుగుతుందా?

మొదటి మూడిటికీ అమ్మే జవాబు చెప్పింది. నాలుగోది నేను చెప్పా, "టైట్‌గా ఉంది మామా, అస్సలు తిరుగుతలేదు." మామ నవ్వాడు. "మూత దీసి తిప్పినవా కోడలా? మూత దీస్తె బ్రేకు పట్టుకుంటది. ఎట్ల తిరుగుతది?"

ఇక్కడ కొంచెం ఆగుతా, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే. డ్రయ్యర్ మూతకి రెండు పనులుంటాయి. మూత లేస్తే ఒక స్విచ్ మోటర్‌కి కరెంట్ ఆపుతుంది. అదే సమయంలో మూతకి కట్టిన ఒక వైరు వదులై, కింద మోటర్ మీదున్న బ్రేకు బిగుసుకుంటుంది. తిరిగే టబ్బులో ఎవరూ చెయ్యి పెట్టకూడదని ఆ ఏర్పాటు. కాబట్టి మూత తీసి తిప్పి చూడటం అంటే బ్రేకు నొక్కి పట్టుకుని బండి ఎందుకు కదలట్లేదని అడగడం. నేను చేసిందీ అదే, వచ్చినాయన చేసిందీ అదే. ప్లగ్గు పీకేసి, వెనక అట్ట విప్పి, బ్రేకు వైరును చేత్తో లాగి పట్టుకుని అప్పుడు తిప్పి చూడాలి. అట్లా చూస్తే మాది సాఫీగా తిరిగింది. అంటే బ్రేకు ఇరుక్కోలేదు, బేరింగ్ పట్టెయ్యలేదు, రెండు టబ్బుల మధ్య సాక్సు ఏదీ పడలేదు.

"వాసన లేదు, సప్పుడుంది, తిరుగుడు సాఫుగుంది. కండెన్సరే" అన్నాడు మామ. కండెన్సర్ అంటే నాకు అర్థం కాలేదు. ఏసీలో ఉండేదా అనుకున్నా. అది నేను పరీక్షలో రాసిన కెపాసిటరే అని తెలియడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

దాన్ని విప్పి వేములవాడ మీదుగా సిరిసిల్ల తీసుకుపోయా. ఉతికే మోటర్‌కీ ఈ మోటర్‌కీ రెండిటికీ కలిపి ఒకే డబ్బా. అందులో వేరువేరుగా రెండు కండెన్సర్లు, మీద 10+5 మైక్రోఫారడ్ అని అచ్చు. మామ మీటర్ పెడితే పది ఉండాల్సిన పక్క పదికి దగ్గరే ఉంది. ఐదు ఉండాల్సిన పక్క రెండు కూడా లేదు. ఉతికే పక్క బాగా తిరుగుతుంది కదా, ఇంక డబ్బాలో తప్పేముంటుంది అని ఎవరైనా అనుకుంటారు. కొత్తది నూట యాభై రూపాయల లోపే. ఇంటికొచ్చి బిగించాక టబ్బు లేచిన స్పీడుకి అమ్మ ఒక అడుగు వెనక్కేసింది.

ఆ రాత్రి అమ్మ ఇంకో మాట చెప్పింది. నెల రోజుల ముందు నుంచే డ్రయ్యర్ ఖాళీగా ఉంటే మెల్లగా తిరిగేదట, బట్టలు నిండుగా వేస్తే గుయ్యిమని గునిసేదట. అందుకే అమ్మ సగం సగం వేస్తూ వచ్చింది. కండెన్సర్ మెల్లమెల్లగా బలహీనపడితే కనిపించే లక్షణం అచ్చంగా ఇదే. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ మొత్తం అమ్మ దగ్గరే ఉంది, తేదీలతో సహా. వచ్చినాయన చదవలేదు. నేనైతే ఆ ఫైలే మూసేశా, "నీకు తెల్వదమ్మా" అని.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్లు పాడైతే తెర మీద ఏదో అక్షరం, అంకె చూపిస్తాయి, మనం గూగుల్‌లో వెతుక్కుంటాం. సెమీ ఆటోమేటిక్‌కి తెర లేదు, కానీ సప్పుడు ఉంది. ఆ సప్పుళ్ళకి మన తెలుగులో ఎప్పటినుంచో పేర్లున్నాయి. మామ షాపులో కూర్చున్న రెండు గంటల్లో నేను విన్నవి రాసుకున్నా. గుయ్యిమంటే కరెంట్ అందుతోంది కానీ మోటర్ కదలలేకపోతోంది, అంటే కండెన్సరో బ్రేకో చూడాలి. కీచుకీచుమంటే బేరింగ్ ఎండిపోతోంది. గరగరమంటే దాంట్లోకి నీళ్ళు దిగి తుప్పు పట్టింది. దడదడమంటే మోటర్ తప్పు కాదు, బట్టలన్నీ ఒక పక్కకే పడ్డాయి, లేకపోతే కింద మోటర్‌ని మోసే స్ప్రింగుల్లో ఒకటి పోయింది. గలగలమంటే చొక్కా జేబులో రూపాయి బిళ్ళ. అస్సలు సప్పుడే లేకపోతే ముందు ప్లగ్గు, మూత స్విచ్చు, టైమర్ చూడాలి, మోటర్ ఆఖరుకు.

మనం క్లబ్‌లో ధ్వన్యనుకరణ పదాల గురించి ఒక సెషన్ పెట్టుకున్నాం, గుర్తుందా? జలజల, గలగల, వాగులు, గజ్జెలు అన్నీ చెప్పుకున్నాం. ఒక్కరం కూడా మోటర్ గురించి చెప్పలేదు. ఆ పదాలు ఇప్పటికీ అన్నం పెడుతున్నది వైండింగ్ షాపుల్లో. "నాయిస్ వస్తోంది" అంటే మామకి ఏమీ తెలియదు. "కీచుమంటుందా, గరగరమంటుందా" అనే తేడాలో గ్రీజుతో సరిపోయే పనికీ బేరింగ్ మార్చే పనికీ మధ్య ఉన్న తేడా ఉంది, అంటే డబ్బుల తేడా కూడా.

అమ్మ ప్రశ్నకి జవాబు కూడా ఆ షాపులోనే దొరికింది, అయితే మామ చెప్పింది కాదు, నేను కూడబలుక్కున్నది. మా ఇంట్లో పాత ఇసుర్రాయి ఉంది. దాని కట్టె పట్టుకుని తిన్నగా ముందుకీ వెనక్కీ మాత్రమే తోస్తే రాయి తిరగదు, ఉన్నచోటే కొట్టుకుంటుంది. చెయ్యి పక్కకి కూడా పోవాలి. మోటర్‌లో రాగి తీగ చుట్ట ఒక్కటే ఉంటే ఇంటి కరెంట్ దాన్ని అట్లాగే ముందుకీ వెనక్కీ తోస్తుంది, సెకనుకు 50 సార్లు. మోటర్ ఉన్నచోటే వణుకుతుంది. ఆ వణుకే మనకి వినపడే గుయ్. అందుకని పక్కకి ఇంకో చుట్ట పెడతారు. అది కూడా మొదటిదానితో పాటే తోస్తే లాభం లేదు, కొంచెం ముందుగా తొయ్యాలి. కండెన్సర్ చేసేది అదొక్కటే, రెండో చుట్టలో కరెంట్‌ని మొదటిదానికంటే కాస్త ముందు నడిపిస్తుంది. అప్పుడు రెండు తోపులూ కలిసి గుండ్రంగా అవుతాయి. త్రీ ఫేజ్ మోటర్‌కి కండెన్సర్ అక్కర్లేదు, ఎందుకంటే అక్కడ ఇసుర్రాయి చుట్టూ ముగ్గురు కూర్చుని ఒకరి తర్వాత ఒకరు తోస్తున్నట్టే. ఇట్లా తిరిగే అయస్కాంత క్షేత్రం మీద టెస్లాకి 1888లో పేటెంట్లు వచ్చాయి. మా ఇంట్లో అది అర్థం కావడానికి ఇసుర్రాయి కావాల్సి వచ్చింది. ఫోన్‌లో ఇదంతా చెప్తే అమ్మ "గట్ల చెప్పు మరి" అంది. నాకు పరీక్ష మార్కులకంటే అదే ఎక్కువ అనిపించింది.

మామ రెండో ప్రశ్న, బల్బుల గురించి అడిగింది, నాకు తర్వాత అర్థమైంది. ఇట్లాంటి మోటర్ బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 ఉండాల్సింది 180కి పడితే బలం 61 శాతానికి దిగుతుంది. అన్నీ బాగున్నా తడి బట్టలతో మోటర్ లేవకపోవచ్చు. ఫార్ములా నాకు వచ్చు, బల్బు చూడాలని తట్టలేదు. మామకి ఫార్ములా రాదు, బల్బు చూడమన్నాడు. ఇద్దరం ఒకరికొకరం అవసరమే. "మెకానిక్‌కే అన్నీ తెలుసు, ఇంజినీరింగ్ వేస్ట్" అనే మీమ్స్ నాకు నచ్చవు. మామ దగ్గరే ఒకటి తప్పు చూశా. ఐదు మైక్రోఫారడ్ దొరక్కపోతే "పెద్దది ఎయ్యి, ఇంకా జోరుగ తిరుగుతది" అని పక్క షాపాయన అంటే మామ కూడా ఒకోసారి అట్లా వేస్తానన్నాడు. పెద్దది వేస్తే రెండో చుట్టలో కరెంట్ పెరిగి వేడెక్కుతుంది, కొన్నాళ్ళకి నిజంగానే మోటర్ కాలుతుంది. అది నేను చెప్తే విన్నాడు. "గట్లనా" అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ సర్వీస్ మనిషి గురించి. ఆయన్ని తిట్టడం తేలిక. నేను తిట్టను. ఆయన దగ్గర మీటర్ లేదు, ఇంకా ఎన్నో ఇళ్ళు తిరగాలి, స్పేర్ దొరకదని పైవాళ్ళు చెప్పిందే ఆయన నాకు చెప్పాడు. "దొరకదు" అనేది ప్రకృతి నియమం మాత్రం కాదు. యూరప్‌లో 2021 మార్చి నుంచి ఒక రూల్ ఉంది, వాషింగ్ మెషీన్ అమ్మే కంపెనీ మోటర్ లాంటి విడిభాగాల్ని, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం పదేళ్ళు దొరికేలా ఉంచాలి. మన దేశంలో వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. కంపెనీలు తమ రిపేర్ సమాచారం అక్కడ పెట్టాలని ఉద్దేశం. కానీ ఇంగ్లిష్ మాన్యువల్ మా అమ్మ చేతికి వస్తే ఏం లాభం? మా మామ చేతికి వస్తే? నా చేతికి వచ్చినా నేను "ఓకే" అనేదాన్నేమో. హక్కు కాగితం మీద వచ్చినా, దాన్ని వాడుకునే భాషలో ఆ సంగతులు రాసి లేకపోతే సగమే వచ్చినట్టు. ఆ రాత పని ఎవరు చెయ్యాలి? తెలుగు క్లబ్ పెట్టుకుని, మోటర్ సబ్జెక్ట్ పాసయి, టైపింగ్ కూడా వచ్చినవాళ్ళు కాక ఇంకెవరు?

ఈ డ్రాఫ్ట్ చదివిన మా రూమ్మేట్ రెండు అభ్యంతరాలు చెప్పింది. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, మనమెందుకు? ఉన్నాయి, నేను కూడా చూశా. చాలావాటిలో విప్పడం, బిగించడం చూపిస్తారు కానీ ఏది పాడైందో ఎట్లా తేల్చుకోవాలో చెప్పరు. కోడ్‌లో ఎర్రర్ వస్తే మనం లాప్‌టాప్ మార్చం, సగానికి సగం కొట్టేసుకుంటూ తప్పు ఉన్న లైన్ పట్టుకుంటాం. మామ నాలుగు ప్రశ్నలు చేసిందీ అదే. రెండోది, కరెంట్‌తో ఆటలా, ఎవరికైనా ఏమన్నా అయితే? ఈ మాట నిజం. అందుకే మామ ఫోన్‌లో మొట్టమొదట చెప్పింది "స్విచ్చి ఆపుడు గాదు, ప్లగ్గు పీకు" అని. ప్లగ్గు పీకాక కూడా కండెన్సర్‌లో కరెంట్ మిగిలి ఉండొచ్చు, రబ్బరు పిడి ఉన్న స్క్రూ డ్రైవర్‌తో దాని రెండు కాళ్ళూ కలిపాకే ముట్టాలి. మూత స్విచ్చుని తప్పించి, కరెంట్ ఉండగా టబ్బుని తోసి అందుకుంటుందేమో చూసే పరీక్ష షాపుల్లో చేస్తారు, ఇంట్లో చెయ్యకండి. చేతులు తడిగా ఉంటే అసలు దగ్గరికే పోవద్దు. తేల్చుకోవడం మనం నేర్చుకుందాం, విప్పడం తెలిసినవాళ్ళనే విప్పనిద్దాం. కానీ వచ్చినాయన "మోటర్ పోయింది" అంటే "ఏది పోయింది? చుట్టనా, బేరింగా, కండెన్సరా? మీటర్ పెట్టి చూశారా?" అని అడిగేంత తెలుగు, అడిగేంత ధైర్యం ఉండాలి.

నిజంగా మోటర్ కాలే రోజులు కూడా ఉంటాయి, అది ఒప్పుకోవాలి. చుట్ట నల్లబడి, వాసన వచ్చి, మీటర్‌లో రీడింగే రాకపోతే మార్చడం తప్ప దారి లేదు. చిన్న మోటర్లలో ఇప్పుడు రాగికి బదులు అల్యూమినియం తీగ కూడా వస్తోంది, దాన్ని మళ్ళీ చుట్టడానికి మామ ఒప్పుకోడు. "టంకం పట్టది, కూలీ గిట్టది" అంటాడు. అప్పుడు కొత్తదే కొనాలి, బాధపడకూడదు. నా గొడవంతా తేల్చుకోకుండా పారెయ్యడం గురించే.

క్లబ్ కమిటీని ఒకటి అడుగుతున్నా. వచ్చే సంచికలో రెండు పేజీలు ఇవ్వండి. ప్రతి ఒక్కరం మన ఊళ్ళో ఒక మెకానిక్ దగ్గరో, వైండింగ్ షాపులోనో, మన అమ్మ దగ్గరో కూర్చుని, మిక్సీ, ఫ్యాన్, బోరు మోటర్, డ్రయ్యర్ ఏ సప్పుడు చేస్తే ఏమంటారో రాసుకొద్దాం. జగిత్యాలలో ఒక మాట, కోరుట్లలో ఇంకో మాట ఉండొచ్చు, రెండూ రాద్దాం. నా వంతు పైన రాసేశా. తప్పులుంటే దిద్దండి, ముఖ్యంగా ఈసీఈ, ఈఈఈ వాళ్ళు.

మా డ్రయ్యర్ ఇప్పటికైతే తిరుగుతోంది. కాకపోతే టబ్బు కింద ఉండే రబ్బరు బెల్లో చీలిక పట్టింది, నీటి చుక్కలు మోటర్ మీద పడుతున్నాయి, వదిలేస్తే బేరింగ్ గరగరమనడం ఖాయం అన్నాడు మామ. దసరాకి వచ్చినప్పుడు మారుస్తానన్నాడు. అప్పటిదాకా రోజూ ఆన్ చేసేటప్పుడు అమ్మ చెవి పెట్టి వింటోంది. నిన్న ఫోన్ చేసి, "ఇంక గరగర మొదలుగాలే" అని చెప్పింది.